పదికి నాలుగు మార్కులు

నాలుగా? పదికి నాలుగు మార్కులా అక్కా? బడిలో లెక్కల మాస్టారు కూడా నాకెప్పుడూ అయిదుకి తగ్గించలేదు. ఆయనకి నేనంటే అసలు పడేది కాదు కూడా!

కూర్చో, కూర్చో. బూట్లు విప్పకు, వరండాలోనేగా కూర్చునేది. ఆ కుర్చీ కాలు కాస్త ఊగుతుంది, గోడ వైపు జరుపుకో. నేను కిందే కూర్చుంటాను. ఈ బూట్లకి పట్టిన మట్టి వదిలించాలి, ఫైనల్ ఆడి వచ్చినప్పట్నుంచీ అలాగే సంచిలో పడున్నాయి. చేతులు ఖాళీగా ఉంటే నాకు నోరాగదు. పని ఉన్నా ఆగట్లేదనుకో, అది వేరే సంగతి.

ఆ టీవీలో కోటువాడు ఎవడక్కా? బల్ల మీద మోచేతులు ఆనించి, "కెప్టెన్‌గా మూడు ప్రపంచ కప్పులు, మూడు ఓటములు" అంటూ నా బొమ్మ పక్కన మార్కులేశాడు. బ్యాటింగుకి ఎనిమిదట. నాయకత్వానికి నాలుగట. వాణ్ణి ఇంట్లో నలుగురినీ ఒక్కరోజు ఒకే సినిమాకి ఒప్పించమను చూద్దాం. ఆ తర్వాత పదకొండు మంది సంగతి మాట్లాడొచ్చు.

నవ్వు, నవ్వు. నీకేం, నవ్వగలవు.

మొదటి కప్పుకి మార్కులు కోసుకోమను, నేనేం కాదనను. సెమీఫైనల్లో టాస్ గెలిచి, తడి ఆరని పిచ్ మీద బ్యాటింగ్ తీసుకున్నాను. ఎవరూ చెప్పలేదా అంటే అందరూ చెప్పారు. కోచ్ చెప్పాడు, కీపర్ చెప్పింది, పిచ్‌కి రోలర్ తిప్పే ముసలాయన కూడా తల అడ్డంగా ఊపాడు. నేను విన్నానా? లేదు. అది నా నెత్తి మీదే ఉండనీ.

రెండోదానికి కొయ్యడానికి వాడెవడు? సగం జట్టుకి జ్వరాలు. మొదటి రౌండులోనే మూటాముల్లే సర్దుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు విమానంలో ఒక్కత్తి కూడా ఏడవలేదు, తెలుసా? నేను ఏడవనివ్వలేదు. పేకముక్కలు పంచి, గెలిచినవాళ్ళకి నా కిటికీ సీటు ఇస్తానన్నాను. దిగేటప్పటికి దొంగాట నువ్వాడావంటే నువ్వాడావని కొట్టుకుంటున్నారు. దానికి ఏ గడిలో వేస్తాడు మార్కు?

ఇక మూడోది. నువ్వొచ్చింది దాని కోసమేగా.

"ఆఖరి ఓవర్ నువ్వెందుకు వేశావు?" వీధి వీధంతా ఇదే ప్రశ్న. మా ఆయన గడ్డం గీయించుకోడానికి వెళ్తే, సెలూన్ అతను గొంతు మీద కత్తి ఆనించి మరీ అడిగాడట, మీ ఆవిడకి అంత కక్కుర్తేంటి సార్ అని. కత్తి గొంతు మీదుంటే ఈయనేం అంటాడు? "నేనూ అదే అంటున్నానండీ" అన్నాడట! ఇంటికొచ్చి నాకు చెప్పి తనే పడీ పడీ నవ్వాడు.

మా అమ్మ మాత్రం నవ్వలేదు. మందుల షాపు దగ్గర ఎవరో, "కూతుర్ని భలే పెంచింది, కప్పు కూడా తనొక్కత్తే మింగుదామనుకుంది" అన్నారట. అప్పట్నుంచీ గడప దాటట్లేదు. అదిగో, ఆ కిటికీ వెనక కూర్చుని మన మాటలన్నీ వింటోంది. వినడం లేదని అనుకోమంటుంది, అంతే. ఆవిడ మాత్రలు ఇప్పుడు నేనే తెస్తున్నాను. ముఖం చాటెయ్యకుండా, ఆ షాపుకే వెళ్ళి. ఎందుకు చాటెయ్యాలి? ఎవరి సొమ్ము తిన్నానని?

ఆగాగు. ముందొకటి తేల్చు. అక్కగా వచ్చావా, సెలెక్షన్ కమిటీ పెద్దగా వచ్చావా? పెద్దగా అయితే చెప్పండి మేడమ్, లేచి నిలబడతాను. అక్కవైతే టీ తాగు, చల్లారిపోతోంది.

ఊఁ. చెప్పు. వింటున్నాలే.

అంటే... రేపు కమిటీ ముందు నేను ఒక్క ముక్క అంటే చాలు. "నిచ్చెన బంతి తీసుకోనంది" అని. అంతేగా? వచ్చే కప్పు దాకా నా కెప్టెన్సీ ఎవరూ కదపరు. ఆ పిల్లని మాత్రం ఇంటికి పంపేస్తారు.

భలే. భలే ఉంది ఏర్పాటు.

దానికి నిచ్చెన అని పేరు పెట్టిందే నేను. జట్టులోకి వచ్చిన మొదటిరోజు డ్రెస్సింగ్ రూములో ట్యూబ్‌లైట్ మాడిపోతే, స్టూలు వెయ్యకుండానే మార్చేసింది. అంత పొడుగు. అంత వేగంగా బంతి వేసేది మన దగ్గర ఇంకోటి లేదు. ఫైనల్ రోజు మిగతా బౌలర్లందరి ఓవర్లూ అయిపోయాయి, దానికే ఒకటి మిగిలింది. అవతలివాళ్ళకి తొమ్మిది పరుగులు కావాలి. నువ్వైనా ఎవరికిస్తావు? దానికేగా? నేనూ బంతి పట్టుకుని దాని దగ్గరికే నడిచాను. వంగి లేసు కట్టుకుంటోంది.

టీవీలో చూశావుగా. వెయ్యిసార్లు వేసుంటారు ఆ ముక్క. "పాపం, ఆ అమ్మాయి లేసు కట్టుకునేదాకా కూడా ఆగలేదు కెప్టెన్! గెలుపు తన చేతి మీదే రావాలని ఆరాటం!"

కోటువాడికి తెలీదు, సరే. నువ్వు కూడా తెలీనట్టు మొహం పెడితే ఎలా అక్కా?

మన జట్టులో నోటితో వద్దనరు. పక్కనే బ్యాటర్లు వింటారు, వికెట్ల దగ్గర మైకు ఉంటుంది. అందుకే కెప్టెన్ బంతితో వస్తుంటే వంగి, విడిపోని లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటారు. నా వల్ల కాదు, ఇవ్వొద్దు అని. నీకన్నా ముందునుంచీ ఉన్న అలవాటు. నేను నేర్చుకుంది నీ జట్టులోనే.

అవును, భయపడింది. జ్వరమా? కాదు. దెబ్బా? కాదు. భయం, అంతే. అంతకుముందు తను వేసిన ఓవర్లో చితక్కొట్టించుకుంది. కట్టిన ముడే విప్పి మళ్ళీ మళ్ళీ కడుతోంది.

జాలేసిందంటావా? అబద్ధమెందుకు, ఒళ్ళు మండిపోయింది! చెవి మెలేసి లేపుదామనుకున్నాను. ఇన్నాళ్ళూ నిన్ను వెనకేసుకొచ్చింది దీనికోసమేగా అని అరుద్దామనుకున్నాను. బంతి ఇవ్వడానికి చెయ్యి చాచాను కూడా.

చాచి, వెనక్కి తీసుకున్నాను. నా బౌలింగు సంగతి నాకు తెలీదా? కొరివితో తల గోక్కోవడమే. నాలుగు బంతుల్లో కథ కంచికి చేరింది.

ఏంటీ? భయపడేవాళ్ళకి జట్టులో చోటెందుకంటావా? భయపడనివాళ్ళనే ఏరుకుందామంటే పదకొండు మంది మాట దేవుడెరుగు, టాస్‌కి వెళ్ళడానికి కూడా ఒక్కరు దొరకరు మనకి. నాకు భయం లేదా? నీకు లేదా?

చెయ్యి ఎందుకు వెనక్కి తీసుకున్నానో చెప్పనా? అడిగావు గనక చెప్తున్నాను, తర్వాత నన్ననకు.

అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నువ్వు కెప్టెన్‌వి. క్వార్టర్ ఫైనల్. బంతి పట్టుకుని నా వైపే వస్తున్నావు. నేను వంగి లేసు కట్టుకున్నాను. కుడికాలిది కట్టుకుని, నీకు కనబడలేదేమోనని ఎడమకాలిది కూడా కట్టాను. నువ్వు భుజం పట్టి లేపి, బంతి నా చేతిలో పెట్టి వెళ్ళిపోయావు. వేశాను. వరసగా మూడు సిక్సర్లు.

పోనీ, అది ఆట. ఒక్కోసారి కెప్టెన్ వినదు. టాస్ రోజు నేను విన్నానా? దానికి నేను నిన్నేమీ అనుకోలేదు, ఒట్టు.

కానీ సాయంత్రం విలేకరులతో ఏమన్నావు? "తనే ఇమ్మని అడిగింది. చిన్నపిల్ల, ఉత్సాహపడింది, కాదనలేకపోయాను" అన్నావు.

నేను నీ పక్క కుర్చీలోనే ఉన్నాను అక్కా.

జట్టులోంచి తీసేశారు. అదీ పోనీ, ఆడి తిరిగొచ్చాను. మా నాన్న మాత్రం చివరిదాకా ఒకటే మాట. "ఎందుకమ్మా అడిగావు? నీ పని నువ్వు చూసుకోక!" ఆయనకి కూడా నిజం చెప్పలేదు. చెబితే నీ మాట అబద్ధమైపోతుంది. నువ్వు నా కెప్టెన్‌వి. ఆ ఏడాది నీకు పదికి ఎనిమిది వేశారు, గుర్తుందా? నాకు బాగా గుర్తుంది.

నిచ్చెన వేళ్ళు చూస్తుంటే అదే వినబడింది నాకు. "తనే అడిగింది." ఇక చెయ్యి ముందుకి రాలేదు.

త్యాగం గీగం అనకు, చిరాకు నాకు. కెప్టెన్సీ అంటే ప్రాణం అక్కా. నాణెం పైకి ఎగిరినప్పుడు స్టేడియమంతా నా వైపే చూస్తుందే, అది కావాలి నాకు. రేపు ఆ పదవి ఇంకెవరికో ఇస్తే తలుపేసుకుని ఏడుస్తాను, ముందే చెప్తున్నా. అయినా ఆ మాట అనను. ఓవర్ నేనే వేస్తానన్నాను, నా ఇష్టం, నా పొగరు. ఇదే చెప్తాను. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, ఆ పిల్లని చూపించి నేను బతకను.

నిన్న ఫోన్ చేశాను దానికి. ఎత్తగానే ఏడుపు. "ఏడుపయ్యాక ప్రాక్టీసుకి తగలడు. ఆఖరి ఓవర్లే వెయ్యి, ఇంకేమీ వెయ్యకు" అని తిట్టి పెట్టేశాను. వచ్చే కప్పులో ఎవరు కెప్టెనైనా సరే, బంతి తెస్తే అది వంగకూడదు. వంగిందో, ఎక్కడున్నా వెళ్ళి అప్పుడు మెలేస్తాను చెవి.

లేచావేం? అప్పుడేనా?

ఉండు, ఒక్క మాట. నాకు పదవి ఇవ్వమని అడగను. నిచ్చెనని తీసెయ్యొద్దని కూడా నిన్ను బతిమాలను, అది దాని బంతితోనే చెప్పుకుంటుంది. ఒక్కటే అడుగుతాను. అదిగో కిటికీ, వెనక మా అమ్మ ఉంది. "ఆ రోజు మీ అమ్మాయి అడగలేదమ్మా, నేనే ఇచ్చాను" అని ఒక్కసారి అను. నాన్న ఎలాగూ వినలేడు. ఆవిడైనా వింటుంది. కమిటీ అక్కర్లేదు, విలేకరులక్కర్లేదు. ఆ కిటికీకి చెప్పు, చాలు.

...

ఏంటక్కా, మెట్టు దగ్గర అలా వంగిపోయావు? అంతసేపా? నీ బూటు లేసు ఊడలేదే. అసలు బూట్లే విప్పలేదుగా నువ్వు.

ఓ.

సరేలే. లే. లేసు కట్టుకునేవాళ్ళ చేతిలో నేను బంతి పెట్టను. నాలుగు మార్కుల కెప్టెన్‌ని కదా.

వెళ్ళిరా. వెళ్తూ ఆ గేటు కాస్త గట్టిగా లాగు, దానంతటది పడదు.