మొదట ఎవులు సూసేరు

"అత్తా, రేపు ఐదో తరగతికి ఆ పాఠం సెప్పాలి నేను. మీ సిస్టర్ల స్కూల్లో మీరెలా సెప్పేవోరు?"

ఏ పాఠం? ఓ, అదా. పేరెత్తడానికే నోరు రాటం లేదు నీకు, మళ్ళీ టీచరువి. మీ హెడ్మాస్టరు ఏటన్నాడు, ఆ పేజీలకి పిన్ను కొట్టీమన్నాడా? అంటాడు. అనకుండా ఎలాగుంటాడు. నా తల నెరిసిపోయింది గాని ఈళ్ళ బుర్రలు అక్కడే ఉండిపోయేయి. కూకో. ఆ కుర్చీ కాదమ్మా, దాని కాలు ఊగుతాది, మీ మావయ్య బాగు సేయిస్తానని రెండేళ్ళయింది. ఆ స్టూలు లాక్కో.

ఎప్పటి సంగతంటే, పాతికేళ్ళ కిందట పెద్ద తుపానొచ్చి పలాస జీడితోటలన్నీ పడిపోయేయి సూడు, దాని మరుసటేడు. కాదు కాదు, ఆ పైయేడు. మీ మావయ్యకి కోటబొమ్మాళి బదిలీ అయిన ఏడు. టెక్కలి దాటి సముద్రం వైపు వెళ్తుంటే ఉండేది మా స్కూలు, ఐదో తరగతి దాకానే. క్రైస్తవ మఠం సిస్టర్లది, ఆళ్ళు ప్రార్థన సేసుకునేవోరు, నేను బొట్టెట్టుకుని పోయేదాన్ని, ఎవుళి దారి ఆళ్ళది. పెద్ద సిస్టరు మలయాళం ఆవిడ. తెలుగు పుస్తకంలో ఉన్నట్టు మాటాడేది, కోపమొస్తే మాత్రం మలయాళంలోకి వెళ్ళిపోయేది.

ఓ రోజు ఆళ్ళ పెద్దాఫీసు నుంచి పుస్తకం వొచ్చింది. వొళ్ళు శుభ్రం, ఆడపిల్లలకి నెల నెలా వొచ్చేది, ఇంట్లో మనుషులతో ఎలాగుండాలి, ఎవుళు ముట్టుకోవచ్చు, ఎవుళు ముట్టుకోకూడదు, అన్నీ అందులోనే. సిస్టరు నన్ను పిలిచి, "దేవుడు ఇచ్చిన శరీరం గురించి తెలుసుకొనుటకు సిగ్గు ఎందుకు టీచర్, మీరు చెప్పండి" అంది. ఆవిడకేం, అనీసింది. సెప్పాల్సింది నేను కదా. మా స్కూల్లో ఉన్న ఒక్క మగ మాస్టారు, ఆ పుస్తకం బల్ల మీద కనిపిస్తే సాలు, టీ తాగడానికి వెళ్ళిపోయేవోడు. అంత టీ తాగిన మనిషిని నేను సూళ్ళేదు. టెక్కలి నుంచి ఓ గుమస్తా గారొచ్చి, "మా అమ్మాయికి ఇవన్నీ ఎందుకండీ, లెక్కలు సెప్పండి సాలు" అని పోట్లాట. లెక్కలు సెప్తే మాత్రం నెల నెలా రాకుండా ఆగిపోతాదా? అడగలేదులే. నోటి దాకా వొచ్చింది.

సరే, మొదలెట్టేను. పుస్తకంలో ఏటుందంటే, తెలిసినోళ్ళెవుళు, తెలీనోళ్ళెవుళు, పిల్లల సేత సెప్పించాలంట. మన పిల్లలకి తెలీనోడెవుడే? సేపల బండోడు మావ, ఆటో వోడు బావ, టీవీ బాగుసేసీవోడు మావ. సిస్టరు ఎనక బల్ల మీద కూకుని ఇంటోంది. కాసేపయ్యేక లేచి, "ఇంతమంది మావలు ఎలా ఉంటారు టీచర్" అంది. ఏటి సెప్పను ఆవిడకి. ఇక్కడ మావ కానోడు సముద్రంలో కూడా దొరకడు సిస్టర్ అన్నాను. మలయాళంలో ఏదో అంది.

అందుకని పుస్తకం పక్కన పడీసి ఆవిడే ఓ పద్ధతి సెప్పింది. సెయ్యి సాపండి అంది. కష్టమొస్తే, వొంట్లో ఏదన్నా తేడా సేస్తే ఎవుళికి సెప్పుకుంటారో, వేలికో మనిషిని అనుకోండి, భయపడకుండా వెళ్ళి సెప్పండి, నిజమే సెప్పండి అని. పిల్లలకి ఆట కింద తెలిసిపోయింది. అమ్మ, నాన్న, పిన్ని, ఇలా. ఓ గుంట పిల్ల సిటికెనేలికి ఆళ్ళ మేక పేరు సెప్పింది. అలాగ వారానికోసారి, సెయ్యి సాపడం, వేళ్ళ మీద మనుషుల్ని సెప్పడం. రెండు నెలలకి మా గుంటలకి సిగ్గు పోయింది. నాకూ పోయిందనుకో.

అందులో నూకరత్నం అని ఓ గుంట. భావనపాడు అవతల పల్లెది, తండ్రి సముద్రం మీద ఏటకెళ్తాడు, తల్లి సేపలమ్ముతాది. మా క్లాసులో మొదటి మార్కు దానిదే. నవోదయ పరీక్ష రాయిద్దావని సిస్టరూ నేనూ కూకోబెట్టి మరీ సదివిస్తన్నాం. నవోదయకెళ్తే అక్కడే ఉండి సదూకుంటాది కదా, పుస్తకాలూ తిండీ అన్నీ ఆళ్ళే. అది వెళ్తే ఆ పల్లె నుంచి వెళ్ళిన మొదటి పిల్ల. అదీ మా ఆశ.

ఆ రోజు నేను స్కూలుకి ఆలస్యంగా వెళ్ళేను. మీ మావయ్యకి జొరం. నేను వెళ్ళేటప్పటికి నూకరత్నం సిస్టరు గదిలో కూకుని పాలు తాగుతోంది. ఏడుపు లేదు, ఏటీ లేదు. ప్రార్థన అయిపోగానే నేరుగా సిస్టరు దగ్గిరికెళ్ళి, "సిస్టర్, నాకు వొచ్చింది, మీరు సెప్పినారు కదా, అదే" అని సెప్పిందంట. సిస్టరు గుడ్డా అదీ ఇచ్చి, గౌను మార్పించి, పాలిచ్చింది. ఆవిడ మొహం సూడాలి, తన పాఠం పండిందని మురిసిపోతోంది. నేను మాత్రం గబగబా ఆ గది తలుపేసేను.

ఎందుకంటావేటి? పెద్దమనిషైన పిల్లని మొదట ఎవుళు సూడాలి, నీకు తెలీదా? మేనత్తో, పసుపూ కుంకాలున్న పెద్దావిడో సూసి, కొబ్బరాకు మీద కూకోబెట్టి, నువ్వుల సిమ్మిలి తినిపించి, అప్పుడు కదా మిగతావోళ్ళు సూసేది. కన్నతల్లైనా ముందు సూడకూడదు. అలాంటిది పెళ్ళీ పెటాకులూ లేని సిస్టరు, తెల్ల సీర కట్టుకుని, బొట్టు లేకుండా, మొదట సూసీసింది. ఇది ఆళ్ళ పల్లెలో తెలిస్తే ఏటవుతాదో నాకు తెలుసు. ఆవిడకి సెప్తే, "నేను ఏమి తప్పు చేసితిని" అని అడిగింది పాపం. ఏం తప్పు సేసింది సెప్పు. ఏం లేదు. అదే కదా నా మంట.

మిగతా పిల్లల నోట సంగతి పల్లెకి పాకిపోయింది, నాలుగు రోజులయ్యేక కబురొచ్చింది. నూకరత్నాన్ని ఇంక బడికి పంపరంట. మేనత్త నానా యాగీ సేసేసిందంట. తన కొడుక్కి సేసుకుందావనుకున్న పిల్ల మరి. బడిలో ఇలాంటివి నేర్పి పిల్లని పాడుసేసినారు, నా కోడలి పసుపు కుంకాలకి కీడు తెచ్చినారు, ఇంక ఆ గుమ్మం తొక్కనియ్యను అందంట. పరీక్ష సూస్తే ముందుంది.

సిస్టర్నేసుకుని ఆటోలో వెళ్ళేను. దారంతా ఆవిడకి ఒకటే సెప్పేను, మీరు నోరిప్పకండి, నేను సూసుకుంటాను అని. ఇంటి ముందు ఎండు సేపలారబెట్టేరు, వాసన కొడతాంది. పల్లె పెద్దలు ఇద్దరు ముగ్గురు, మేనత్త, అందరూ కూకున్నారు. పిల్ల కొబ్బరాకు మీద మూలకుంది. తల్లి తడికవతల, అటు తిరిగి కూకుంది. తొమ్మిదో రోజు దాకా కూతురు మొహం సూడకూడదు కదా.

నేను గట్టిగానే అన్నాను, "మొదట సూసింది నేనే. నాకు భర్తున్నాడు, పిల్లలున్నారు, ఇదిగో పుస్తెలు. సిస్టరు సూళ్ళేదు" అని. మేనత్త కాస్త మెత్తబడింది. పెద్దలు తలలూపేరు. అయిపోయింది, గట్టెక్కేం అనుకుంటన్నాను. అప్పుడు మూల నుంచి ఆ గుంట, "కాదు టీచర్, మీరప్పటికి రాలేదు. సిస్టర్ గారికే సెప్పినాను" అంది.

సంపీసింది అనుకున్నాను. నిజమే సెప్పాలని నేర్పింది ఎవుళు, మేమే కదా. సిస్టరు వైపు సూస్తే ఆవిడ నేల సూపులు సూస్తంది. మేనత్త లేచి దుమ్మెత్తిపోయడం మొదలెట్టింది. "మేనత్తనున్నాను, నా దగ్గిరికి రాకుండా ఆ తెల్లసీర దగ్గిరికెల్తావే" అని పిల్ల మీదకెళ్ళిపోయింది.

ఆ గుంట లేవలేదు, ఏడవలేదు. సెయ్యి సాపింది. వేళ్ళు సూసుకుంటూ అంది, "అత్తా, నీకు సెబుదావంటే నువ్వు కొడతావని బయం. అమ్మకి సెబుదావంటే అమ్మ సూడకూడదంతారు. నాన్న ఏటకెల్లిపోనాడు. మరి నానెవులికి సెప్పాల?"

మేనత్త ఓ అడుగు ఎనక్కేసింది. అప్పుడు తడికవతల నుంచి తల్లి గొంతు వినిపించింది. ఇటు తిరగలేదు మనిషి. "అది బడికెల్తాది. నాను పంపుతాను. సమ్మందం వొద్దనుకుంటే మానీ వొదినా" అంది. అంతే. ఆ మనిషి అంతకు ముందు ఆడపడుచు ముందర గొంతెత్తింది లేదంట.

నవోదయా? రాలేదమ్మా. రెండు మార్కుల్లో పోయింది. ఎంత కోపమొచ్చిందో నాకు. సిస్టరేమో, "పోనీండి టీచర్, బడికి వచ్చింది కదా" అని నన్నే ఓదార్చింది. టెక్కలి హైస్కూల్లో పదో తరగతి దాకా సదివింది. ఆ మేనత్త కొడుకునే సేసుకుంది, ఎగిరెగిరి పడ్డావిడే వొచ్చి అడిగింది మళ్ళీ. ఏటంటావు ఈ మనుషుల్ని.

మొన్న టెక్కలి బజార్లో కనిపించింది. సేపల తట్ట దింపి నా సెయ్యి పట్టుకుంది, సేతులు కంపు టీచర్ అంటూనే. పక్కన దాని కూతురు, అచ్చం అదే మొహం. నా సెవి దగ్గిరకొచ్చి నెమ్మదిగా అంది, "టీచర్, ఇది పోయిన నెల పెద్దమనిసైంది. మొదట సూసింది నానే. నా దగ్గిరికే వొచ్చి సెప్పినాది."

బజారు మధ్యలో కళ్ళనీళ్ళెట్టేసుకున్నాను, సిగ్గు లేకుండా.

ఆ పేజీలకి కొట్టిన పిన్నులు తీసీ ముందు. గోరు నొప్పెడితే సాకు మొనతో తీ. రేపు వెళ్ళి సెయ్యి సాపమను. నీ పేరు కూడా ఏ గుంట వేలి మీదో ఉండాలి తల్లీ, సల్లగా ఉండు. మీ హెడ్మాస్టరు ఏటన్నా అంటే, టీ తాగి రమ్మను.