అమోస్ అడిగిన మూడు వారాలు

కొండలోయలో, పాదిరీ లేకుండా మౌనంగా కూర్చుని ప్రార్థించే క్వేకర్ క్రైస్తవుల మందిరం, వెనక గది. మార్చి మధ్యాహ్నం, వాన. వీళ్ళు నెలల్ని అంకెలతో పిలుస్తారు; ఆదివారం వీళ్ళకి ‘మొదటిరోజు’. సభ రాతకోతలు చూసే హెస్టర్, సభ పెద్ద జోనస్. ఇద్దరి మధ్య బల్ల మీద ఒక కాగితం.

“కొట్టు నడిపే ఆల్డర్సనమ్మ అన్నదట, బుధవారం పొద్దున ఇటు పోతుంటే మన మందిరం లోపల ఎవరో మాట్లాడుతున్నారట. ముందు తలుపుకి తాళం వేసే ఉందట.”

“ఆల్డర్సనమ్మకి పాలు పొంగినా దయ్యమే, జోనస్. రాసుకుందాం పద.”

“నాతో కాదు, మా ఆవిడ మార్తాతో అంది. ఒకే మాటట. మెల్లగా, పదిసార్లు, ఎవరినో బతిమాలినట్టు. మాటేమిటో తెలియలేదట. ఆడో మగో కూడా తెలియలేదట.”

“ఏమీ తెలియలేదని మాత్రం బాగా తెలిసిందన్నమాట.”

“పోయిన అమోస్ అంటున్నారు, ఊళ్ళో.”

“అననీ. కలం ఇటివ్వు.”

“పక్కతలుపు తాళంచెవి నీ దగ్గరే కదా ఉండేది?”

“నా దగ్గరే. కలం ఇవ్వమన్నానా!”

“ఇదిగో. ఎందాకా వచ్చాం?”

“జిల్లా సభకి పంపాల్సిన ఏడాది సంగతులు. విను. ‘మూడో నెల: సభ్యులం పన్నెండుగురం. నాలుగో నెల: గొర్రెలు ఈనే కాలం గనక రెండు వారాలు నలుగురమే కూర్చున్నాం. ఒక వారం జోనస్ కాప్‌స్టిక్ కోటు లోపల గొర్రెపిల్ల...’”

“అది కూడా రాశావా?”

“అరిచింది కదా. ఆ గంటలో నోరు విప్పింది అదొక్కటే.”

“చలికి చచ్చేట్టుందని పెట్టుకొచ్చాను. కొట్టెయ్.”

“జరిగిందేగా, ఉండనీ. ‘ఆరో నెల: గోడలకి సున్నం. ఎనిమిదో నెల: గడ్డికోతల మధ్య రేచల్ మెట్కాఫ్ పెళ్ళి. పెళ్ళికొడుకు లేచి నిలబడి, చెప్పాల్సిన నాలుగు మాటలూ మరిచిపోయి పావుగంట చెమటలు కక్కాడు. ఎవరమూ అందించలేదు.’”

“అందించకూడదు కదా.”

“అందించకూడదు.”

“చివరికి తనే చెప్పుకున్నాడుగా.”

“చెప్పుకున్నాడు. ‘తొమ్మిదో నెల: గాలికి కప్పు మీది రెండు రాతిపలకలు లేచిపోయాయి.’ అంతవరకే.”

“బాగుంది. పదకొండో నెలకి రా.”

“తొమ్మిది తర్వాత పది, జోనస్.”

“పదో నెల్లో ఏముంది? వాన.”

“వాన.”

“వాన అని రాయి.”

“నువ్వు చెప్పు, నేను రాస్తా. పదో నెల్లో వాన తప్ప ఇంకేం జరగలేదని నీ నోటితో చెప్పు.”

“టీ పొయ్యనా?”

“పొయ్యి.”

“చూడు హెస్టర్, ఇట్లా రాద్దాం. ‘పదో నెలలో అమోస్ ఫాసెట్ మూడు వారాలు వరసగా సభలో లేచి మాట్లాడాడు. ఆయన మాటలు మా అందరినీ తాకాయి. పన్నెండో నెల మంచులో ఆయన్ని పోగొట్టుకున్నాం.’ ఇందులో అబద్ధం ఒక్కటి చూపించు.”

“ఒక్కటీ లేదు. అందుకే చదవాలంటే భయం వేస్తోంది. ఏమన్నాడో రాయవా?”

“అదెందుకు మళ్ళీ?”

“‘నిన్న మా ఇంటికి దారి తెలియలేదు. మా గేటు ముందే నిలబడి ఇదెవరిదో అనుకున్నాను. ఎవరైనా నాతో ఇంటిదాకా రండి.’ ఇంతే. చెప్పి కూర్చున్నాడు. మరుసటి వారం అదే. ఆ మరుసటి వారమూ అదే.”

“పొల్లు పోకుండా చెబుతున్నావు.”

“ప్రతి మొదటిరోజూ వింటున్నానుగా.”

“మళ్ళీ మొదలెట్టకు.”

“నీకు వినబడటం లేదూ? సభ మొదలైన పది నిమిషాలకి, తలుపు మీద కర్రతో రెండుసార్లు. ఆయన ఎప్పుడూ అలాగే తట్టి, ఎవరూ తియ్యకముందే తనే తోసుకొచ్చేవాడు.”

“అది నెల్. కుక్క తోక తలుపుకి తగులుతుంది.”

“నెల్ అప్పటికే లోపల ఉంటుంది, ఆయన బల్ల కింద. చప్పుడు బయటి నుంచి.”

“హెస్టర్...”

“ఆయన పోయి పదమూడు వారాలు. ఈ పదమూడు వారాల్లో ఒక్కరు లేచి ఒక్క ముక్క మాట్లాడారా? ఇదివరకు మన మౌనం వేరు జోనస్, అందులో ఎవరికి వాళ్ళం తడిగుడ్డల్లా ఆరేవాళ్ళం. ఇప్పుడలా లేదు. ఎవరో ఒక మాట అడిగి, బదులు కోసం కదలకుండా కూర్చున్నట్టుంది.”

“వయసైపోతోంది మనకి. అంతే.”

“అట్లాగా. మరి గంట కాగానే నాతో చెయ్యి కలిపి సభ ముగించాల్సిన వాడివి, పోయిన వారం గంటా ఇరవై నిమిషాలు ఎందుకు కూర్చోబెట్టావు?”

“ఇంకా ఒకరు రావాల్సి ఉందనిపించింది.”

“చూశావా.”

“మనకేం తెలుసు? సభలో ఎవరు లేచి ఏమన్నా లోపలి వెలుగు పలికించిందనే అనుకుంటాం. దానికి బదులు చెప్పకూడదు, ప్రశ్న వెయ్యకూడదు. మా తాత కాలం నుంచీ అంతే.”

“లోపల వద్దు సరే. బయట టీ తాగేటప్పుడు అడగొచ్చుగా?”

“సభలో మాట టీ దగ్గరికి తేకూడదు.”

“అదీ కూడదు. రేచల్ మాత్రం, ఇరవై ఏళ్ళలో ఇంత మంచి మాట వినలేదని కళ్ళు తుడుచుకుంది. ఆయనేమో అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసి, టీ తాగి, టోపీ పెట్టుకుని, నెల్ వెనకాల కొండెక్కిపోయాడు. దారి కుక్కకి తెలుసు.”

“మంచు పడేదాకా తెలుసు.”

“గేటుకి నలభై అడుగుల దూరంలో దొరికాడు, జోనస్. నలభై అడుగులు.”

“సరే. ఏం రాసినా ‘మేము’ అని రాయి. ‘ఆయన అడిగాడు, మేము వినలేదు.’ చాలదా?”

“మూడు వారాలు అడిగినవాడు నాలుగో వారం ఎందుకు లేవలేదు? అది రాయొద్దా?”

“ఆ ఒక్కటీ వద్దు.”

“ఎందుకొద్దు?”

“నీ మంచికే చెబుతున్నా. టీ చల్లారిపోతోంది, తాగు. ఈ కాగితం వచ్చే మొదటిరోజు అందరి ముందూ చదవాలి, అందరూ ఒప్పుకోవాలి. ఎందుకు లేనిపోని... ఏమిటలా చూస్తావు?”

“తలుపు.”

“నెల్ అయుంటుంది.”

“రెండుసార్లు. కర్రతో.”

“వెళ్ళి తియ్యి.”

“నువ్వు తియ్యి.”

“ఎవరు? ఎవరది బయట?”

“నేనండీ, తబితాని. అమోస్ ఫాసెట్ కూతుర్ని. లోపలికి రావచ్చా?”

“తబితా! రా తల్లీ, రా. హడలగొట్టేశావు. ఆ కర్రేమిటి?”

“నాన్నదే. దొరికినప్పుడు చేతిలో ఉన్నది. మట్టిలో జారకుండా తెచ్చుకున్నా. పైన ఇల్లు ఖాళీ చేస్తున్నామండీ. కుక్కని తీసుకెళ్దామని వచ్చాను.”

“ఇలా పొయ్యి దగ్గర కూర్చో. మీ ఆయన రాలేదా?”

“గుర్రబ్బండి దగ్గర ఉన్నారు, హెస్టర్ గారూ. లోపలికి రానన్నారు. మీ మౌనం అంటే ఆయనకి భయం.”

“గారూ, అండీ ఏమిటే? మనలో ఎవరినైనా ‘నువ్వు’ అనే అంటాం.”

“నేను మీలో దాన్ని కాదుగా, పదేళ్ళయి. టీ వద్దండీ, నిలబడే ఉంటా. ఒక్క సంగతి అడిగి పోతాను. నాన్నకి మరుపు ఎప్పటి నుంచి?”

“మేము... మాకు అంత తెలియలేదమ్మా.”

“ఇల్లంతా కాగితాలండీ, జోనస్ గారూ. గోడలకి, తలుపులకి, గుండుసూదులతో. ‘పొయ్యి ఆర్పు.’ ‘నెల్ తిన్నది, మళ్ళీ పెట్టకు.’ ‘మన గేటు ఆకుపచ్చ.’ నా ఫొటో కింద ‘తబితా, కూతురు, కెండల్‌లో ఉంటుంది.’ నాకు రాసిన ఉత్తరాల్లో ఈ ముక్క ఎక్కడా లేదు. వాన, గొర్రెలు, మీరంతా కులాసా. అంతే.”

“గట్టి మనిషి. ఎవరికీ చెప్పుకునే రకం కాదు.”

“నేనూ అదే అనుకున్నాను. తర్వాత ఇది దొరికింది. వీధితలుపు లోపలివైపు, బయటికి వెళ్ళేటప్పుడు కంటికి ఎదురుగా గుచ్చాడు. చదవండి.”

“కళ్ళజోడు లేదమ్మా.”

“మీ ముక్కు మీదే ఉంది.”

“అక్షరాలు మరీ చిన్నవమ్మా.”

“నేను చదువుతా. ‘మొదటిరోజు మందిరంలో ఇంక అడగకు. వద్దన్నారు.’ ఏం అడిగాడండీ? ఎవరు వద్దన్నారు?”

“ఇంటిదాకా తోడు రమ్మని అడిగాడు, తబితా. మూడు వారాలు. మేమంతా విని ఊరుకున్నాం.”

“అది హెస్టర్ గారి బదులు. నేను రెండో ప్రశ్న సంగతి అడుగుతున్నా. ఎవరు వద్దన్నారు?”

“నేను.”

“జోనస్ గారా?”

“ఒకే మనిషి ఊరికే లేస్తుంటే, పక్కకి పిలిచి మెల్లగా ఓ మాట చెప్పాలి. సభ పెద్దగా అది నా పని. ‘మౌనానికి కాస్త చోటివ్వు, అమోస్’ అన్నాను.”

“ఎక్కడ అన్నారు?”

“గేటు దగ్గర.”

“ఈ మందిరం గేటా?”

“మీ గేటు.”

“అంటే ఇంటిదాకా వెళ్ళారన్నమాట.”

“వెళ్ళాను.”

“నాన్న ఏమన్నాడు?”

“‘సంతోషం జోనస్, ఇంటిదాకా వచ్చావు’ అన్నాడు. లోపలికి రమ్మన్నాడు, టీ పెడతానన్నాడు. చీకటి పడుతోంది, మళ్ళీ వస్తాలే అన్నాను.”

“వచ్చారా మళ్ళీ?”

“లేదు.”

“మీ అంతట మీరే వెళ్ళి చెప్పారా, వద్దని?”

“ఆఁ. నా అంతట నేనే.”

“సరే. ఆ బల్ల మీది కాగితంలో అది రాస్తారా?”

“రాస్తాం. జోనస్ అని నా పేరు పెట్టి రాయి, హెస్టర్. రాయి, చూస్తావేం?”

“నలభై ఏళ్ళుగా ఎరుగుదును నిన్ను. నీ నోట అబద్ధం వినటం ఇదే మొదలు.”

“ఊరుకో హెస్టర్. అమ్మాయి వెళ్ళిపోతుంది, బయట బండి ఆగి ఉంది.”

“ఆల్డర్సనమ్మకి చెప్పు. బుధవారం లోపల ఉన్నది నేనే. పక్కతలుపులోంచి వచ్చి, ఆయన బల్ల ముందు నిలబడి, ఒక మాటకి నోరు తిరుగుతుందో లేదో చూసుకున్నాను. పదిసార్లు కాదు, ఇంకా ఎక్కువే.”

“వద్దన్నానా.”

“ఏం మాటండీ అది?”

“అమోస్ నా మౌనం పాడుచేస్తున్నాడు, వెళ్ళి నోరు మూయించు అని జోనస్‌ని పంపింది నేను.”