తెర లేని గది

అంచెట్టి దగ్గరి కొండపల్లెలో నెలలు నిండిన ఒకామెకు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. వాకిట్లో ఆంబులెన్స్ ఆగి ఉంది. ఊరి నర్సు ఆమె పక్కన కూర్చుంది.

"లెయ్ అమ్మణ్ణీ. బీపీ ఎక్కువైపోయింది. ఈడే కాన్పయితే ప్రాణం మీదికొస్తుంది."

"ఆ ఆస్పత్రికి నేను రాను నర్సమ్మా."

"పెద్దపాపను ఆడే కన్నావు కదా?"

"కన్నాను. మంచానికి తెర కూడా లేదు. గుడ్డ కప్పమని అడిగితే తొడ మీద కొట్టినారు. డాక్టరు చదివేవాళ్లు ఎనిమిది మంది నా కాళ్లకాడ నిలబడి చూసినారు. నన్ను ఒక్క మాట అడగలేదు."

"అప్పుడే నాతో చెప్పకూడదా?"

"మా ఆయనకే చెప్పలేదు. వాకిట్లోనే ఉన్నాడు, మెల్లగా మాట్లాడు."

"ఈసారి నీతో నేనొస్తాను."

"కాన్పు గదిలోకి నిన్ను రానిస్తారా?"

నర్సు ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది.

"బిడ్డ కదిలేది తగ్గింది అమ్మణ్ణీ."

"నాకూ తెలుస్తానే ఉంది," అంటూ ఆమె గోడ పట్టుకుని లేచింది. "ఆ దుప్పటి ఇట్లియ్యి. ఈసారి ఎవరు లాగినా విడవను."