రాళ్ళు లేని నొప్పి

ఆస్పత్రి వరండాలో దర్జీ పని చేసే ఆవిడ, బస్సు నడిపే ఆమె భర్త ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఆవిడ అప్పుడే డాక్టరు గదిలోంచి వచ్చింది.

“ఏమంది డాక్టరమ్మ?”

“పిత్తాశయంలో రాళ్ళు లేవందండీ.”

“రెండేళ్ళుగా అందరిదీ ఇదే మాట కదా.”

“పూర్తిగా వినండి. రాళ్ళు లేకపోయినా ఆ సంచి సరిగ్గా ముడుచుకోవట్లేదని ఈ కొత్త స్కానులో తేలిందట. తిన్నాక పిత్తాన్ని బయటికి నెట్టలేకపోతోందట. అందుకే కుడి డొక్కలో ఆ పోటు.”

“అయితే గ్యాసు కాదన్నమాట.”

“కాదు. నా మనసు పుట్టించిందీ కాదు.”

ఆయన తల దించుకున్నాడు. ఆ మాట అన్నది ఆయనే.

“నువ్వు మెలికలు తిరిగిపోతుంటే అలా అన్నాను. నా నోరు పడిపోను.”

“పడిపోతే నాతో పోట్లాడేదెవరు?”

“ఆపరేషనన్నారా?”

“ఆ సంచి తీసేస్తే తగ్గొచ్చంది. భయంగానే ఉంది. కానీ ఆమె చెప్తుంటే సంతోషంతో ఏడుపొచ్చేసింది. జబ్బుందంటే సంబరపడే పిచ్చిదాన్ని నేనేనేమో.”

“ఇకమీదట నువ్వు నొప్పంటే నొప్పే.”

“అయితే ఇప్పుడు కూడా కొంచెం నొప్పిగా ఉందండీ.”

ఆయన ఇంకో ప్రశ్న వేయలేదు. లేచి, ఆమెకు చెయ్యందించాడు.