మా బావ వీధికి అతికించిన ఇంగ్లీషు

పరీక్ష హాలు గేటు తెరిచే ఉంది. దానికి ఎదురుగా టీ కొట్టు బెంచీ మీద మా బావ కదలకుండా కూర్చున్నాడు. పీజీలో సీటొస్తే ఆఫీసులో సూపర్‌వైజర్ అవుతాడు. రాకపోతే నిన్నగాక మొన్న చేరిన కుర్రాళ్ళకి దణ్ణాలు పెట్టుకుంటూ బతకాలి. పోయినేడూ అంతకు ముందేడూ ఇదే గేటు దాకా వచ్చి, టీ తాగి, తిరిగొచ్చేశాడు. "ఈసారి లోపలికి తోసిగానీ ఇంటికి రాకు" అని మా అక్క నన్ను వెంట పంపింది. నేను తోసేలోపే ఆయన కోతలు మొదలుపెట్టాడు.

"ఈ పరీక్షలో అడిగే ఇంగ్లీషు మాటలా? అదెంత పని మాస్టారూ!" అన్నాడు, కూతుర్ని పరీక్షకి దింపి పక్కన కూర్చున్న రిటైరైన మాస్టారితో. "అందరూ పుస్తకం పట్టుకుని బట్టీ కొడతారు. నేను పుస్తకం మూసి మా వీధి చూశాను. ఒక్కో మాట ఒక్కో మనిషికి అతికించా. మొట్టమొదట వీడికి, మా బామ్మర్దికి. లెథార్జిక్. అంటే కూర్చున్న చోటు నుంచి లేవని బద్ధకస్తుడు. వీణ్ణి చూస్తే మాట గుర్తొస్తుంది, మాట వింటే వీడు గుర్తొస్తాడు."

లేచి గట్టిగా కాదందామనుకున్నాను. కానీ బెంచీ మంచి నీడలో ఉంది.

"కిరాణా కొట్టాయనకి పార్సిమోనియస్, పిసినారి. పై వాటా ఆవిడకి గారులస్, వదరుబోతు. ఎదురింటాయనకీ పక్కింటాయనకీ కలిపి పగ్నేషస్, కయ్యానికి కాలు దువ్వే రకం. మా వీధి అయిపోయింది, పక్క వీధి అయిపోయింది, ఊరూ అయిపోయింది. మాటలు మిగిలాయి గానీ మనుషులు చాల్లేదు! బస్సెక్కి ఆఖరి స్టాపు దాకా వెళ్ళి కొత్త మొహాలు చూసుకొచ్చేవాణ్ణి. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఏమైందేంటి?" అన్నాడు టీ కొట్టాయన.

"కిరాణా ఆయనకి మనవడు పుట్టాడు. ఆ సంబరంలో నాకు పప్పు తూచి, పైన గుప్పెడు ఊరికే వేశాడు. అంతే, మాట టపీమని తలలోంచి ఎగిరిపోయింది! ఇంటికెళ్ళి పుస్తకం తెరిస్తే ఏముంది, అది ఉండాల్సిన చోట తెల్లగా ఖాళీ. పరిగెత్తుకెళ్ళి కాళ్ళావేళ్ళా పడ్డా, అయ్యా, నా బతుకు మీ పిసినారితనం మీదే ఉంది, ఆ గుప్పెడూ వెనక్కి తీసేసుకోండి అని. ఆయన రెండు గుప్పెళ్ళు తీసుకున్నాడు. మాట అక్షరం అక్షరంగా పేజీ మీదికి తిరిగొచ్చింది."

"ఒక్క మీ పుస్తకంలోనేనా?" మాస్టారు అయోమయంగా అడిగారు.

"లోకంలో ఉన్న పుస్తకాలన్నిట్లో! పై వాటా ఆవిడకి జలుబు చేసి గొంతు పోయినప్పుడు ఆ మాట ఇంగ్లీషు వాళ్ళకే నోట రాలేదు. నేనే వేణ్ణీళ్ళు కాచి పుక్కిలింపజేశా. అదంతా ఒక ఎత్తు, ఎదురింటాయనా పక్కింటాయనా రాజీ పడటం ఒక ఎత్తు. స్కూటర్ పెట్టే చోటు కోసం ఏళ్ళ తరబడి తిట్టుకున్నవాళ్ళు, భుజాల మీద చేతులేసుకుని నవ్వుకుంటున్నారండీ! ఆ మాటతోపాటు లోకంలో కొట్లాటే మాయమై కోర్టులు మూతపడ్డాయి. బాక్సింగ్ రింగులో వస్తాదులు గ్లవ్స్ తీసేసి పిల్లాపాపల క్షేమం కనుక్కున్నారు. ప్రశ్నపత్రం తయారుచేసే పెద్దలే నాకు ఫోన్ చేశారు. బాబ్బాబు, ఎలాగైనా కొట్లాట పెట్టించు, లేకపోతే పరీక్ష రద్దు చెయ్యాలి అన్నారు. గుట్టుగా ఒకాయన స్కూటర్ తీసి ఇంకొకాయన గుమ్మానికి అడ్డంగా పెట్టా. ఇవాళ ఈ పరీక్ష జరుగుతోందంటే..."

"ఆగండాగండి," అన్నారు మాస్టారు తల పట్టుకుని. "ఇంతకీ మీరు మాటలు నేర్చుకున్నారా, మనుషులకి కాపలా కాశారా?"

"రెండూ ఒకటేనండీ. కాదు, ముందు మాటలే... లేదు, ముందు మనుషులు..." బావకే తికమకగా ఉంది. "నిన్న కొట్టుకెళ్ళి, పార్సిమోనియస్ గారూ, అరకిలో పంచదార అనేశాను. ఆయన పేరేంటో ఎంతకీ గుర్తు రాలేదు."

లోపల గంట మోగింది. గేటు కాపలా ఆయన ఒక రెక్క మూశాడు. బావ "ఇంకో టీ" అన్నాడు.

నాకు అక్క మొహం కళ్ళముందు మెదిలింది. "బావా, కిరాణా ఆయన కొట్లో ఉంటాడు, పై వాటా ఆవిడ ఇంట్లో ఉంటుంది. ఆ హాల్లో నీకు ఎవరు కనిపిస్తారు?"

బావ ఖాళీ గ్లాసే ఎత్తి తాగాడు. ఇంతసేపూ ఈ మనిషి భయంతో మాట్లాడాడని నాకు అప్పుడు తెలిసింది. జాలేసింది.

"హాలు కిటికీలోంచి ఈ బెంచీ కనిపిస్తుంది," అన్నాను. "నేను నీకు ఎదురుగా నిలబడతాలే. నాకు అతికించిన ఒక్క మాటైనా గుర్తుంటుంది."

బావ నన్ను ఎగాదిగా చూశాడు. జేబులో హాల్ టికెట్ తడుముకుని లేచాడు. రోడ్డు దాటి, మూసుకుంటున్న గేటులోకి ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి అరిచాడు.

"ఒరేయ్, నిలబడకు! నీకు పుణ్యముంటుంది, కూర్చునే ఉండు! నువ్వు లేచావంటే ఉన్న ఒక్క మాటా పోతుంది!"

మధ్యాహ్నానికి నీడ జరిగిపోయి బెంచీ మీదికి ఎండొచ్చింది. అయినా నేను లేవలేదు.