రెండో మనిషి

అమ్మల్లారా, అయ్యల్లారా, మా ఆఫీసు మిత్రులారా! ఈ సంతాప సభకి ఇంతమంది వస్తారని నేననుకోలేదు. మేడమ్ కూడా అనుకుని ఉండరు. ఆవిడ రిటైరైన రోజు ఇదే హాల్లో తొమ్మిది కుర్చీలు వేస్తే ఆరు ఖాళీగా ఉన్నాయి. ఇవాళ నిలబడటానికి చోటు లేదు. ఎందుకొచ్చాం మనం? ఇంత ఆలస్యంగా?

మేడమ్ మన ఊరి ఎన్నికల ఆఫీసుకి పద్దెనిమిదేళ్లు అధికారి. నేను ఆవిడ దగ్గర డిప్యూటీని. ఇప్పుడు ఆ కుర్చీలో కూర్చుంటున్నది నేనే. ఆవిడ చెల్లెలుగారు ముందు వరుసలో ఉన్నారు. అమ్మా, నన్ను మాట్లాడమని మీరు అడిగినప్పుడు వద్దనాల్సింది. కానీ ఒక మాట చెప్పాలని వచ్చాను.

ఓట్లున్న గదిలోకి ఎవరూ ఒంటరిగా వెళ్లకూడదు. తాళం తీయాలన్నా వేయాలన్నా ఇద్దరుండాలి. ఈ నియమం అన్ని ఆఫీసుల్లోనూ ఉంటుంది. మా ఆఫీసులో నియమంతో పాటు మేడమ్ కూడా ఉండేవారు. "రెండో మనిషి ఏరీ?" అన్నది రోజుకి పదిసార్లు వినేవాళ్లం. ఎవరైనా ఒక్కరే టీకి బయల్దేరినా మావాళ్లు అదే గొంతుతో "రెండో మనిషి ఏరీ?" అని వెక్కిరించేవాళ్లు. ఆవిడకి వినపడేది. నవ్వేవారు.

మహమ్మారి ఏడాది గుర్తుందిగా? పోలింగ్‌కి ఏడు వారాలుంది. ఎప్పుడూ డ్యూటీ చేసే రిటైర్డ్ టీచర్లు ఒక్కొక్కరే రాలేమన్నారు. వాళ్లనేం తప్పుపడతాం? మాస్కులకి నిధులడిగితే పై ఆఫీసు చేతులెత్తేసింది. ఒక స్వచ్ఛంద సంస్థ స్థానిక ఎన్నికల ఆఫీసులకి గ్రాంటు ఇస్తోందని అప్పుడే ఫోన్లో చదివాను. మేడమ్ ఒప్పుకోలేదు. "ఎన్నికలకి బయటివాళ్ల డబ్బొద్దయ్యా. రేపు మన లెక్కింపు నమ్మేదెవరు?" అన్నారు. నాలుగు రోజులు వెంటపడ్డాను. చివరికి ఒప్పుకున్నారు, ఒక్క షరతు మీద. ఏ వస్తువు మీదా ఆ సంస్థ పేరు కనపడకూడదు.

ఆ గ్రాంటుతోనే పెద్ద హాలు అద్దెకి తీసుకున్నాం. ఒకరి గాలి ఒకరికి తగలకుండా బల్లల ముందు గాజు అద్దాలు పెట్టించాం. కొత్తవాళ్లని పనిలోకి తీసుకున్నాం. ఓటరుకో పెన్ను ఇచ్చాం. ఆ పెన్ను జేబులో పెట్టుకుని దర్జాగా వెళ్లిపోయినవాళ్లు ఈ సభలో సగం మంది ఉంటారు. డ్యూటీ చేసిన నూట పన్నెండు మందీ క్షేమంగా ఇళ్లకి వెళ్లారు.

పోలింగ్‌కి వారం ముందు నాకు జ్వరమొచ్చింది. ఓట్ల గది తెరిచే అధికారం ఉన్నవాళ్లలో మేడమ్ ఒక్కరే మిగిలారు. పోస్టులో వచ్చిన ఓట్ల కవర్లు ఆ రోజే సరిచూడాలి. తాళంచెవి చేతిలో ఉంది. తలుపు తీసి పని మొదలుపెడితే అడిగేవాళ్లు లేరు. ఆవిడ ఏం చేశారు? పక్క ఊరి ఆఫీసుకి ఫోన్ చేసి, మూసిన తలుపు ముందు స్టూలు వేసుకుని కూర్చున్నారు. అక్కణ్ణించి మనిషి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. పొద్దుటినుంచీ మంచినీళ్లకి కూడా లేవలేదని వాచ్‌మన్ చెప్పాడు.

అలాంటి మనిషిని మనం ఏమన్నాం?

ఆ ఎన్నికల్లో ఓడినవాళ్లు ఊరుకోలేదు. గ్రాంటు పేరుతో ఎన్నికల ఆఫీసునే కొనేశారన్నారు. పై ఆఫీసు విచారణ పెట్టింది. బల్లకి ఇటువైపు రెండు కుర్చీలు. ఒకదాంట్లో మేడమ్. రెండోది ఖాళీ. నేను వెనక బెంచీలో ఉన్నాను. ఈ ఆలోచన ఎవరిదని అడిగారు. "నాదే" అన్నారావిడ. వెనక్కి తిరిగి చూడలేదు. చూసుంటే లేచేవాణ్ణేమో. కాదు, అబద్ధం. లేచేవాణ్ణి కాదు. ప్రమోషన్ లిస్టులో నా పేరుంది.

తప్పేమీ జరగలేదని పదకొండు నెలలకి ఉత్తరం వచ్చింది. ఎవరు చదివారు? అప్పటికే ఆవిడ ఎదురొస్తే పక్క సందులోకి తిరగడం మనకి అలవాటైపోయింది. మధ్యాహ్నం అందరం కలిసి తినే బల్ల దగ్గరికి ఆవిడ రావడం మానేశారు. తన గదిలో, గ్రాంటు డబ్బుతో బల్ల ముందు పెట్టించిన ఆ అద్దం వెనకాల, ఒక్కరే తినేవారు. నేను రెండుసార్లు తలుపు దాకా వెళ్లి, ఏదో ఫైలు వెతుక్కుంటున్నట్టు నటించి వచ్చేశాను.

రిటైరైన రోజు తాళాలు అప్పగించే కాగితం మీద ఇద్దరు సంతకం పెట్టాలి. ఆవిడ పెట్టి, నా వైపు జరిపి, "రెండో మనిషివి నువ్వున్నావుగా, చాలు" అన్నారు. దెప్పలేదు. నిజంగానే అన్నారు. అదే నన్ను తినేస్తోంది.

తర్వాత మూడేళ్లు బతికారు. మా ఇంటికి నాలుగు వీధుల అవతల. ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆవిడ పోయారని పాలవాడు చెబితే తెలిసింది. రెండు రోజుల ప్యాకెట్లు గుమ్మం దగ్గరే ఉన్నాయట.

అందుకే అందరి ముందూ చెబుతున్నాను. ఆ గ్రాంటు ఆలోచన నాది. దరఖాస్తులో ప్రతి అక్షరం నాది. మేడమ్ వద్దన్నారు, నేనే ఒప్పించాను. రేపు ఇదే మాట రాసి పై ఆఫీసుకి పంపిస్తాను. ఏం చేస్తారో చేసుకోనీ.

ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం. ఆవిడ బతికుండగా వెళ్లి చెప్పాల్సిన మాట మీ దగ్గర ఏదైనా మిగిలిపోయుంటే, ఆ నిమిషంలో మనసులో చెప్పుకోండి. పక్కవాళ్లకి వినపడదు. ఆవిడకీ వినపడదు. అయినా చెప్పండి.

లేవండి.