ఆగిన లిఫ్టులో గుబులు

మిట్టమధ్యాహ్నం లిఫ్టు రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయింది. లోపల రిటైరైన తెలుగు టీచరు ఒక్కరే ఉన్నారు. బయట తలుపు దగ్గర మెకానిక్కు స్పానరు పట్టుకుని కూర్చున్నాడు.

"గాభరా పడకండి మేడమ్. పది నిమిషాల్లో తీసేస్తాను. అందాకా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి. మాకదే రూలు."

"ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పినదాన్ని, నాకు మాటలకేం కరువు? ఆ గాభరా గురించే చెబుతా విను. అది మరాఠీ నుంచి వచ్చిందంటారు. చుట్టంలా వస్తుంది, పోతుంది. నువ్వు తలుపు తీస్తే నాదీ పోతుంది. గుబులు అలా కాదు."

"అదెక్కణ్ణుంచి వచ్చింది మేడమ్?"

"ఎక్కణ్ణుంచీ రాలేదు, మన గుండెలోనే పుట్టిందని నా నమ్మకం. గుబగుబమనే ఆ చప్పుడే మాటయిపోయింది. మనవాళ్లకి ఏమవుతుందోనని లోపల తిష్ట వేస్తుంది. ఏ తలుపు తీసినా పోదు."

బయట స్పానరు చప్పుడు ఆగింది.

"ఏమయ్యా, ఉన్నావా?"

"ఉన్నానండీ."

"నీ ఫోను మోగడం ఇది మూడోసారి. ఎందుకెత్తవు?"

"మా అత్తగారండీ, ఆస్పత్రి నుంచి. మా ఆవిడకి ఆపరేషను. పొద్దున్నే లోపలికి తీసుకెళ్లారు."

"మరి ఇక్కడేం చేస్తున్నావు నాయనా?"

"అక్కడ ఆ తలుపు ముందు ఊరికే కూర్చోలేకపోయానండీ. ఇంతలో మీ కంప్లయింటు వచ్చింది. ఈ తలుపైతే నేను తీయగలను."

"మళ్లీ మోగుతోంది. స్పానరు కింద పెట్టి ఫోనెత్తు."

"మరి మీరో మేడమ్?"

"నేనెక్కడికి పోతాను నాయనా? నీకు తోడుగా ఇక్కడే ఉంటాను. ఎత్తు."